మాల తీసిన మర్నాడు: 41 రోజులు నిలిచిన నియమాన్ని కొత్త సంవత్సరంలో నిలుపుకోవడం ఎలా?

గోదారిగట్టు (కాకినాడ), 29 డిసెంబరు 2024

సభ్యులందరికీ నమస్కారం. జనవరి 1 దగ్గర పడుతున్నందున ఎవరి సంకల్పాలు వారు రాసుకునే సమయం ఇది. నా సంకల్పం ఒక్కటే, సిగరెట్టు మానడం. అయితే మానడం నాకు చేతకానిది కాదు. మానిన తరువాత నిలబడడమే చేతకావడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నవంబరు 16న అయ్యప్ప మాల వేసుకున్నాను. ఇది నా మూడవ దీక్ష. 41 రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చన్నీటి స్నానం చేశాను, చాప మీద పడుకున్నాను, మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష చేశాను. మామూలు రోజుల్లో 12 సిగరెట్లు కాల్చే నేను ఒక్కటి కూడా ముట్టలేదు. మొదటి వారం కొంత చిరాకు ఉండేది కానీ, ఆ తరువాత దాని ఊసే మనసులోకి రాలేదు. శబరిమల వెళ్లివచ్చి, నిన్న ఉదయం మా అమ్మ చేతుల మీదుగా మాల విరమణ చేశాను. అమ్మ మాలను తీసి కళ్లకు అద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది.

సాయంత్రం వీధి చివరి టీ కొట్టుకు వెళ్లాను. ఇన్నాళ్లూ నన్ను 'స్వామి శరణం' అని పలకరించి, విడిగా కాగితపు గ్లాసులో పాలు పోసి ఇచ్చిన కొట్టు యజమాని నిన్న నా మెడ వైపు ఒకసారి చూసి, నేను అడగకుండానే సిగరెట్టునూ అగ్గిపెట్టెనూ బల్ల మీద పెట్టాడు. నేను వెలిగించాను. రాత్రి పడుకునేలోపు మరో రెండు కాల్చాను. గడిచిన రెండు దీక్షల తరువాత కూడా ఇలాగే జరిగింది. నెలన్నర పాటు అంత సులువుగా నిలిచిన నియమం ఒక్క పూటలో ఎలా పోతున్నదో, జనవరి 1 నుంచి దాన్ని నిలుపుకోవడానికి ఏమి చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

లెక్కల మాస్టారు (తెనాలి), 29 డిసెంబరు 2024

నాయనా, మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉన్నది. నేను 34 సంవత్సరాలు గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఒక లెక్కలో ఏ పదం మారితే ఫలితం మారిందో చూడడం నాకు అలవాటు. నిన్న ఉదయానికీ సాయంత్రానికీ మధ్య మీ మనోబలం మారలేదు, మీ ఊపిరితిత్తులు మారలేదు. మారినవి మెడలో మాల, ఒంటి మీద నల్ల బట్టలు, ఎదుటివారు మిమ్మల్ని పిలిచే పిలుపు. అంటే ఆ 41 రోజులూ నియమాన్ని మోసినది మీరొక్కరే కాదు, మీ చుట్టూ ఉన్న ఏర్పాటు అంతా కలిసి మోసింది. నిన్న ఆ ఏర్పాటు మొత్తాన్ని ఒక్కసారిగా తీసేశారు, దాని స్థానంలో మరేదీ పెట్టలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. 'సంకల్పం' అనే పదాన్ని మనం జనవరిలో చాలా తేలికగా వాడుతున్నాము. పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు చెప్పించే సంకల్పాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. జంబూద్వీపే, భరతవర్షే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్య దేశే అని చోటు చెబుతాము. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం అని కాలం చెబుతాము. గోత్రనామాలతో చేసేది ఎవరో చెబుతాము. ఇవన్నీ అయిన తరువాతే, చిట్టచివర, ఏమి చేయబోతున్నామో చెబుతాము. 'ఈ సంవత్సరం సిగరెట్టు మానేస్తాను' అనే వాక్యంలో ఆ చివరి ముక్క ఒక్కటే ఉన్నది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నవి లేవు. మీరు మానవలసినది సంవత్సరమంతా కాదు. సాయంత్రం ఆరు గంటలకు, ఆ టీ కొట్టు బల్ల దగ్గర మానాలి.

పాలమూరు స్వామి (మహబూబ్‌నగర్), 30 డిసెంబరు 2024

స్వామి శరణం. మాస్టారు గారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. 18వ యాత్రకు కొబ్బరి మొక్క తీసుకుని కొండకు వెళ్లివచ్చినవాడిని, మా ఊరి పీఠంలో ఏటా పాతిక ముప్పై మందికి మాల వేస్తుంటాను. దీక్షను అలవాట్లు మార్చే ఒక ఏర్పాటుగా చూడడం నాకు సమ్మతం కాదు. ఆ 41 రోజులూ సిగరెట్టు గుర్తురాకపోవడానికి కారణం నల్ల బట్టలు కావు, స్వామి మీద మనసు నిలవడం. మనసు ఒక గొప్పదాని మీద నిలిచినప్పుడు చిన్నవి వాటంతట అవే జారిపోతాయి.

అయితే మా పీఠంలోనే ఏటా నేను చూసే బాధ ఇది. మాల తీసిన రోజు రాత్రికే విందు ఏర్పాటు చేసుకునేవారు ఉన్నారు. వారికి విరమణ తేదీ మొదటి రోజు నుంచే మనసులో ఉంటుంది, రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. తమ్ముడూ, మీరు మాల వేసుకునేటప్పుడు 41 రోజుల తరువాత ఏమి చేయాలనుకున్నారు? ఏమీ అనుకోలేదంటే, పాత జీవితానికి తిరిగి వెళ్లాలనే అనుకున్నట్టు. మాల తీసేటప్పుడు నేను మా స్వాములందరినీ ఒక్క నియమాన్ని మాత్రం ఉంచుకోమని అడుగుతాను. ఒకరు తెల్లవారుజాము స్నానం ఉంచుకుంటారు, ఒకరు శనివారం మాంసం మానుతారు. అన్నీ ఉంచుకుంటామన్నవారు సంక్రాంతి నాటికి ఏదీ మిగల్చుకోవడం నేను చూడలేదు.

ఓరుగల్లు సిస్టర్ (వరంగల్), 30 డిసెంబరు 2024

నేను ఛాతీ వ్యాధుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. భక్తి విషయం పెద్దలకు వదిలి, శరీరం గురించి నాకు తెలిసినది చెబుతాను.

నికోటిన్ ఆగినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, ఆకలి మొదటి మూడు నాలుగు రోజుల్లో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. అంటే గోదారిగట్టు గారు మొన్న కొట్టుకు వెళ్లేనాటికి ఆయన శరీరం సిగరెట్టు అడగడం ఎప్పుడో మానేసింది. అడిగినది ఆ చోటు. టీ గ్లాసు వేడి, బల్ల, ఆ వేళ, పక్కన నిలబడే మనిషి, వీటన్నిటితో కలిపి మెదడు సిగరెట్టును ఏళ్ల తరబడి ముడివేసి పెట్టుకున్నది. దీక్షలో ఆ ముడి విడిపోలేదు, ఎందుకంటే దీక్షలో ఆయన 'స్వామి'గా వెళ్లి పాలు తాగారు. మామూలు మనిషిగా, మామూలు చొక్కాతో, చేతిలో టీ గ్లాసుతో సిగరెట్టు లేకుండా నిలబడడం ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా అభ్యాసం చేయలేదు.

అలవాటుకు 21 రోజులు చాలునని చాలామంది చెబుతుంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. అది భోజనంతో పండు తినడం వంటి కొత్త అలవాట్ల గురించిన అధ్యయనమే తప్ప వ్యసనాల గురించి కాదు. అయినా మండలకాలంతో అంతా అయిపోయిందనుకోవడం ఎందుకు తొందరపాటో దాని వల్ల తెలుస్తుంది. అదే అధ్యయనంలో మధ్యలో ఒక రోజు తప్పినవారికి పెద్దగా నష్టం జరగలేదని కూడా తేలింది. మా విభాగానికి వచ్చేవారికి నేను ముందుగా చెప్పే మాట అదే.

పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వ ఉచిత సహాయ సంఖ్య 1800 112 356 ఉన్నది. మరొక హెచ్చరిక కూడా చేయాలి. ఈ చర్చ చదివి మద్యం మానాలనుకునేవారు, రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారైతే, వైద్యులను సంప్రదించకుండా ఒక్కసారిగా ఆపవద్దు. వణుకు, మూర్ఛ, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసుకున్న మూడో రోజున మూర్ఛతో మా ఆసుపత్రికి వచ్చినవారిని నేను స్వయంగా చూశాను. వారి భక్తిలో లోపమేమీ లేదు, ముందుగా ఎవరూ చెప్పకపోవడమే లోపం.

ప్రవాసి (డాలస్), 31 డిసెంబరు 2024

మాస్టారు గారి సంకల్పం మాట చదివి చాలా సంతోషం కలిగింది. ఇక్కడ మా ఇంట పూజ జరిగితే పురోహితులు జంబూద్వీపే అనడానికి బదులు క్రౌంచద్వీపే అని చెప్పిస్తారు. చోటు మారితే సంకల్పంలోని మాట మారాలి, పాత ఊరి పేరుతో కొత్త ఊరిలో సంకల్పం చెల్లదు. ఈ పట్టింపు మన లక్ష్యాలకు కూడా ఉండాలని నాకు అనిపిస్తున్నది. విజయవాడలో ఉన్నప్పుడు కృష్ణ ఒడ్డున నడిచే అలవాటు ఉండేది. ఇక్కడ జనవరిలో చీకటి, చలి. అయినా పదేళ్లుగా ప్రతి కొత్త సంవత్సరానికీ 'ఉదయం ఆరు గంటలకు నడక' అని రాసుకుంటూనే ఉన్నాను, అది ఫిబ్రవరి చూడలేదు. ఈ ఏడాది మొదట్లో దాన్ని 'మధ్యాహ్న భోజనం కాగానే, కార్యాలయ భవనం లోపలే, మెట్ల మీదుగా 20 నిమిషాలు' అని మార్చుకున్నాను. ఇప్పటికి 11 నెలలు నిలిచింది.

మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఇటువంటి దాని మీదే చాలాకాలం పరిశోధన చేశారు. 'ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తాను' అని ముందే నిర్ణయించుకున్నవారు, కేవలం లక్ష్యం పెట్టుకున్నవారి కంటే ఎక్కువగా దాన్ని నెరవేరుస్తారని ఆయన చూపించారు. కొత్త సంవత్సరపు తీర్మానాలు వట్టివని తీసిపారేసేవారికి మరొక సంగతి చెప్పాలి. జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తీర్మానం చేసుకున్నవారిలో 46 శాతం మంది ఆరు నెలల తరువాత కూడా దానికి కట్టుబడి ఉన్నట్టు చెప్పగా, అదే మార్పు కోరుకుంటూ తీర్మానం చేసుకోనివారిలో అలా చెప్పినవారు 4 శాతం మాత్రమే. కాబట్టి జనవరి 1 అనే తేదీని చిన్నచూపు చూడనవసరం లేదు.

చిక్కడపల్లి చదువరి (హైదరాబాదు), 1 జనవరి 2025

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. 1953లో ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలను కాగితం మీద రాసుకున్న 3 శాతం విద్యార్థులు, ఇరవై ఏళ్ల తరువాత మిగిలిన 97 శాతం మంది కంటే ఎక్కువ సంపాదించారని మా శిక్షణ తరగతిలో చెప్పారు. గోదారిగట్టు అన్నగారు కూడా తన లక్ష్యాన్ని కాగితం మీద రాసుకుంటే బాగుంటుందేమో.

ప్రవాసి (డాలస్), 1 జనవరి 2025

చెల్లీ, రాసుకోమన్న సలహా మంచిదే కానీ, ఆ కథ మాత్రం నిజం కాదు. ఆ అధ్యయనం జరిగిందని చెప్పే యేల్ విశ్వవిద్యాలయంలోనే వెదికినవారికి దాని ఆనవాలు దొరకలేదు. ఒకరి నుంచి ఒకరు విని చెప్పుకుంటూ వచ్చినదే తప్ప అటువంటి పరిశోధన ఏదీ లేదు.

చిక్కడపల్లి చదువరి (హైదరాబాదు), 1 జనవరి 2025

సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. విన్నదాన్ని అలాగే రాశాను, ఇకపై జాగ్రత్తపడతాను. అయితే నా సొంత అనుభవం ఒకటి చెప్పగలను.

డిసెంబరు 15, 16 తేదీల్లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీజీపీఎస్సీ) గ్రూప్-2 పరీక్ష రాశాను. నాలుగు పేపర్లు, 600 మార్కులు, 783 పోస్టులు. 2022 జనవరి 1న నేను గది గోడ మీద 'ఈ సంవత్సరం ఉద్యోగం' అని రాసి అంటించుకున్నాను. నోటిఫికేషన్ ఆ ఏడాది చివరి వారంలో గానీ రాలేదు. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి ఇన్నాళ్లకు జరిగింది. ఆ కాగితం చూసిన ప్రతిసారీ నేను ఏదో తప్పు చేసినట్టు అనిపించేది, నిజానికి ఆ వాయిదాల్లో ఏదీ నా చేతిలో లేదు. రెండో ఏడాది దాన్ని చింపేసి, 'గ్రంథాలయం తలుపు తీసే వేళకు లోపల ఉండాలి, 40 పేజీలు చదివి, చూడకుండా ఒక పేజీ రాయాలి' అని రాసుకున్నాను. జ్వరం వచ్చిన రోజు పది పేజీలే చదివేదాన్ని, కానీ ఆ రోజును కూడా లెక్కలో వేసుకునేదాన్ని. ఫలితం ఎలా వచ్చినా ఈ రెండేళ్లలో నేను చదివినది నాకు మిగిలింది. అన్నగారూ, 'ఇక జన్మలో కాల్చను' అనుకోవడం నా 'ఈ సంవత్సరం ఉద్యోగం' వంటిదేమో ఆలోచించండి.

ముంగిలి (గుంటూరు), 2 జనవరి 2025

ఇంతవరకు మాట్లాడినవారిలో చాలామందికి తమ సమయం తమ చేతిలో ఉన్నది. గృహిణుల సంగతి కూడా ఎవరైనా చెప్పాలని రాస్తున్నాను.

ధనుర్మాసంలో నేను నాలుగు గంటలకు లేస్తాను. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలు చేసి, గుడిలో రోజుకొక పాశురం చొప్పున 30 పాశురాలూ వింటాను. ఆ నెలంతా ఇంట్లో ఎవరూ 'ఇంత పొద్దున్నే ఎక్కడికి' అని అడగరు, కాఫీ కాస్త ఆలస్యమైనా ఏమీ అనరు. నెల దాటిన మర్నాడు అదే నాలుగు గంటలకు లేచి నడకకు వెళతానంటే మాత్రం పిల్లల డబ్బాల సంగతి ఏమిటని అడుగుతారు. దేవుడి పేరు మీద దొరికిన సమయం నా పేరు మీద దొరకదు. మూడేళ్లు నేను దీన్ని నా బద్ధకమే అనుకుని బాధపడ్డాను. షుగరు వచ్చే ముందు దశలో ఉన్నారని డాక్టరు గారు చెప్పిన తరువాత, ఒక ఆదివారం మావారినీ పిల్లలనూ కూర్చోబెట్టి, రోజులో ఏ అరగంట నాదో వారి చేతనే చెప్పించాను. సాయంత్రం నాలుగుంబావు నుంచి నాలుగు ముప్పావు వరకు అని తేలింది. ఇప్పుడు నాలుగుంబావుకు నేను కదలకపోతే మా చిన్నవాడే చెప్పులు తెచ్చి గుమ్మంలో పెడుతున్నాడు. అన్నయ్యగారూ, మీ సంకల్పం ఇంట్లో ఎవరికి తెలుసు?

గోదారిగట్టు (కాకినాడ), 5 జనవరి 2025

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు. అన్నీ రెండుసార్లు చదివాను. ముంగిలి గారి ప్రశ్న నన్ను ఆపేసింది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓడిపోతే నలుగురిలో చిన్నబోతానని చెప్పలేదు. మాల వేసుకున్నప్పుడు ఊరంతటికీ తెలిసింది, మానేశానని మాత్రం నా ఒక్కడికే తెలుసు.

ఒకటో తేదీ రాత్రి మా అమ్మకూ నా భార్యకూ చెప్పాను. మర్నాడు టీ కొట్టుకు వెళ్లి, యజమానిని పక్కకు పిలిచి, 'బాబాయ్, నేను అడిగినా ఇవ్వొద్దు' అని చెప్పాను. ఆయన నవ్వలేదు. 'మాల వేసుకున్నప్పుడు ఎలా ఇవ్వనో అలాగే ఇవ్వను లేవయ్యా' అన్నాడు. ఈ మాటకు నేను సిద్ధంగా లేను. పాలమూరు స్వామి గారు చెప్పినట్టు ఒక్క నియమమే ఉంచుకుంటున్నాను: సాయంత్రం ఆరు గంటలకు కొట్టు దగ్గర గ్లాసు చేతిలోకి తీసుకోగానే, బల్ల దగ్గర నిలబడకుండా ఎదుటి రావి చెట్టు అరుగు మీద కూర్చుని తాగడం. నాకు సిగరెట్లకు రోజుకు 216 రూపాయలు అవుతున్నది, నెలకు 6,480. రేపు సోమవారం తపాలా కార్యాలయంలో నెలకు 6,000 రూపాయల రికరింగ్ డిపాజిట్ తెరుస్తున్నాను.

గోదారిగట్టు (కాకినాడ), 16 జనవరి 2025

బాధతో రాస్తున్నాను. కనుమ నాడు అత్తవారి ఊరిలో బావమరుదులతో కలిసి కోడిపందేల బరి దగ్గరికి వెళ్లి రెండు సిగరెట్లు కాల్చాను. అక్కడ రావి చెట్టు లేదు, బాబాయి లేడు. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టాలా?

ఓరుగల్లు సిస్టర్ (వరంగల్), 16 జనవరి 2025

వద్దు. రెండు వారాలు మానిన వ్యక్తి రెండు కాల్చారు, అంతే. ఆ రోజులు ఎక్కడికీ పోలేదు. తిరిగి సున్నా నుంచి లెక్కపెట్టేవారే 'ఎలాగూ పోయింది కదా' అని పెట్టె కొనడం నేను ఎక్కువగా చూశాను. మీరు చేయవలసినది ఒకటే. అత్తవారి ఊరు, పెళ్లిళ్లు, బస్టాండు, మీ ఏర్పాటు లేని చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క చోట ఏమి చేస్తారో దాని ఎదురుగా రాసుకోండి. కోరిక మరీ బలంగా ఉంటే నికోటిన్ చూయింగ్ గమ్ గురించి వైద్యుడిని అడగండి. అందులో 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు మోతాదులు ఉంటాయి, ఏది సరిపోతుందో వారు చెబుతారు.

పాలమూరు స్వామి (మహబూబ్‌నగర్), 17 జనవరి 2025

మొదటి యాత్రలో పంబ నుంచి కొండ ఎక్కుతూ నేను ఎన్నిసార్లు కూలబడ్డానో నాకే గుర్తు లేదు. కూర్చున్న చోటి నుంచే లేచి మళ్లీ ఎక్కాను తప్ప, ఎవరూ నన్ను పంబ దాకా దిగి మళ్లీ రమ్మనలేదు. సిస్టర్ గారి మాట వినండి తమ్ముడూ. ఏర్పాటు గురించి మాస్టారు గారు చెప్పిన దానిలో నిజం ఉన్నదని, మీ టీ కొట్టు ఆయన మాట చదివిన తరువాత నాకు కూడా అర్థమైంది.

గోదారిగట్టు (కాకినాడ), 30 మార్చి 2025

అందరికీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. జనవరి 15 తరువాత ఇవాళ్టికి 74 రోజులు. ఫిబ్రవరిలో ఒక పెళ్లిలో ఒకటి కాల్చాను, దాన్ని దాచకుండా ఇంట్లో చెప్పాను, మర్నాడు మామూలుగా అరుగు మీద కూర్చున్నాను. కొత్తగా గమనించిన విషయం ఏమిటంటే, గత రెండు వారాలుగా నేను అరుగు మీద కూర్చోవాలని గుర్తు చేసుకోవడం లేదు, గ్లాసు అందుకోగానే కాళ్లే అటు నడుస్తున్నాయి. ఇవాళ ఉగాది పచ్చడి తింటూ వేపపువ్వు చేదు ఇంత గట్టిగా ఉంటుందా అని అమ్మను అడిగాను. చాలా ఏళ్లుగా అది నా నాలుకకు సరిగా తెలియలేదేమో అనిపించింది.

మాస్టారు గారూ, రికరింగ్ డిపాజిట్‌లో మార్చి నెల కిస్తీ కట్టడం ఆడిట్ పనుల ఒత్తిడిలో మరచిపోయాను. ఖాతా ఆగిపోతుందా?

లెక్కల మాస్టారు (తెనాలి), 30 మార్చి 2025

ఆగిపోదు నాయనా. మీరు జనవరి 6న, అంటే 15వ తేదీలోపు తెరిచారు కనుక, ప్రతి నెల కిస్తీ కూడా 15లోపు కట్టాలి. తప్పిన నెలకు ప్రతి 100 రూపాయలకూ ఒక రూపాయి అపరాధ రుసుము, అంటే మీ 6,000కు 60 రూపాయలు. నాలుగు నెలలు తప్పితేనే ఖాతా నిలిచిపోతుంది. ఏప్రిల్ 15లోపు రెండు కిస్తీలూ, ఆ 60 రూపాయలూ కలిపి కట్టేయండి. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీ ప్రకారం 60 నెలలు పూర్తయ్యేసరికి మీ 3,60,000 సుమారు 4,28,000 అవుతాయి. వెళ్లేటప్పుడు పాస్‌బుక్ మరచిపోకండి.